బోధన అంటే ఇష్టమున్న ఇంజనీరింగ్ లెక్చరర్‌కి దారి ఎటు? పీహెచ్‌డీ ఎందులో చేయాలి? (చర్చ)

కాకినాడ_ఈఈఈ:
అందరికీ నమస్కారమండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నాను. ఎంటెక్ పవర్ సిస్టమ్స్. ఎలక్ట్రికల్ మెషీన్స్ చెప్పడమంటే నాకు ప్రాణం. 2020లో కరోనాకి కాలేజీలు మూసేసినప్పుడు వీడియో పాఠాలు మొదలుపెట్టాను. తర్వాత మూడిల్‌లో (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) క్విజ్‌లు పెట్టడం, ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తప్పుతున్నారో చూసి మర్నాడు క్లాసులో అదే ఎత్తుకోవడం అలవాటైంది. ఇప్పుడు నా మనసంతా దీని మీదే ఉంది. పీహెచ్‌డీ ఇక వాయిదా వేయలేను. పవర్ సిస్టమ్స్‌లో చేయాలా, ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో (టెక్నాలజీతో బోధన ఎలా మెరుగుపరచాలో చూసే రంగం) చేయాలా? మా దగ్గర అప్రైజల్‌లో (ఏటా మా పనికి వేసే మార్కుల్లో) పేపర్లకీ పేటెంట్లకీ పాయింట్లు ఉన్నాయి. పాఠం బాగా చెప్పడానికి ఏమీ లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

గుంటూరు_సీనియర్:
ముందు ఉద్యోగం సంగతి తేల్చుకోండి. సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2019 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి, అదీ సంబంధిత రంగంలో ఉండాలి. ఈఈఈ పోస్టుకి ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పీహెచ్‌డీ పట్టుకెళితే సెలక్షన్ కమిటీ ఒక్కోచోట ఒక్కోలా చూస్తుంది. యూనివర్సిటీ ర్యాటిఫికేషన్ (నియామకానికి ఆమోదం) దగ్గర కూడా అదే టెన్షన్. మీరు ఈఈఈలోనే ఉండాలనుకుంటే డిగ్రీ ఆ బ్రాంచిలోనే చేయండి. బోధన మీద చేసే పని ఆపక్కర్లేదు, దాని మీద వేరుగా పేపర్లు రాయండి. జర్నల్ ఆఫ్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్ ట్రాన్స్‌ఫర్మేషన్స్ అని మహారాష్ట్ర నుంచి వస్తుంది. మనలాంటి కాలేజీల అధ్యాపకులు తమ క్లాసులో చేసిన ప్రయోగాల మీద రాసినవే అందులో ఎక్కువ. ఇంజనీరింగ్ బోధన మెరుగుపరచడానికి పనిచేసే ఐయూసీఈఈ సంస్థ వాళ్లు ఏటా జరిపే సదస్సుకి ఒక్కసారి వెళ్లి రండి, మీలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది.

పూర్తిగా ఇటే వచ్చేయాలనుకుంటే ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీహెచ్‌డీ ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లని కూడా తీసుకుంటారు.

ఓరుగల్లు_మేడమ్:
డిగ్రీ గురించి సీనియర్ గారు చెప్పారు కాబట్టి నేను క్లాసు గురించి చెప్తాను. మనలో చాలామందికి టెక్నాలజీ అనగానే వీడియో, యాప్ గుర్తొస్తాయి. నా క్లాసులో ఎక్కువ ఫలితమిచ్చింది ఏ, బి, సి, డి అని రాసిన అట్టముక్కలు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

మీ సబ్జెక్టులోనే ఉదాహరణ. నాలుగు పోల్స్, 50 హెర్ట్జ్ ఇండక్షన్ మోటారు 1440 ఆర్‌పీఎంతో తిరుగుతోంది. రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, కరెంటు ఫ్రీక్వెన్సీ ఎంత? ఏ 50, బి 48, సి 2, డి సున్నా. ఎవరూ మాట్లాడకూడదు, ఆలోచించి అట్ట ఎత్తాలి. సగం క్లాసు 50 అంటుంది. కొంచెం లెక్క వచ్చినవాళ్లు 48 అంటారు, ఎందుకంటే 1440ని పోల్స్‌తో లెక్కేస్తే సరిగ్గా అదే వస్తుంది. అప్పుడు జవాబు చెప్పను. పక్కవాడితో వాదించుకోమంటాను. "రోటర్ కూడా తిరుగుతోంది కదరా, దానికి ఆ తిరిగే అయస్కాంత ఫీల్డ్ ఎంత స్పీడుతో దాటిపోతున్నట్టు కనిపిస్తుంది?" అని ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది వాడు చెబితే ఎక్కుతుంది. రెండోసారి అట్టలు ఎత్తమంటే 'సి'లు పెరుగుతాయి. సింక్రనస్ స్పీడ్ (ఫీల్డ్ తిరిగే వేగం) 1500, స్లిప్ (రోటర్ దానికంటే వెనకబడ్డ పాలు) 4 శాతం, 50లో 4 శాతం అంటే 2 అని బోర్డు మీద వేయడానికి అప్పుడు రెండు నిమిషాలు చాలు.

ఒక్క జాగ్రత్త. మొదటిసారే ముప్పావు వంతు మంది కరెక్టుగా చెప్తే చర్చ అనవసరం, ముందుకెళ్లిపోండి. పావు వంతు కూడా చెప్పలేకపోతే వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నా లాభం లేదు, మళ్లీ పాఠం చెప్పాల్సిందే. ఆ మధ్యలో ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది.

దీనికి ఆధారాలేవని హెచ్‌ఓడీ (విభాగాధిపతి) అడిగితే ఇది చూపించండి. 2014లో అమెరికాలో 225 అధ్యయనాలు కలిపి చూశారు. ఉత్త లెక్చర్ విన్న క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం, ఇలా విద్యార్థులతో పని చేయించే క్లాసులతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉంది.

పాలిటెక్నిక్_ల్యాబ్:
మేడమ్ గారి ప్రశ్నకి ల్యాబ్‌లో జత కలపొచ్చండి. స్లిప్‌రింగ్ మోటారు రోటర్ సర్క్యూట్‌లో సెంటర్ జీరో మీటర్ (సున్నా మధ్యలో ఉండేది) పెట్టండి. ముల్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది, కంటితో లెక్కపెట్టొచ్చు. లోడ్ వేస్తే ఊపు వేగం అవుతుంది. 50 అన్న పిల్లవాడు అది చూశాక ఇంకెప్పుడూ 50 అనడు.

కేంద్ర ప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్‌ని (కంప్యూటర్‌లో చేసే ప్రయోగాలు) నేను ల్యాబ్‌కి ముందు రోజు చేయిస్తాను. కనెక్షన్లు, రీడింగులు అక్కడ ఒకసారి చూసుకుని వస్తే మెషీన్ దగ్గర భయం తగ్గుతుంది. కానీ ల్యాబ్ బదులు దాన్ని పెట్టేసి మెషీన్లకి ముసుగులు కప్పే చోట్లు చూశాను. చాలా బాధేస్తుంది. స్టార్టర్ హ్యాండిల్ చేత్తో లాగకుండా, బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వ చూడకుండా డిప్లొమా ఇచ్చేస్తే ఆ పిల్లవాడికి రేపు ఫ్యాక్టరీలో ఎవరు దిక్కు? సైలాబ్, పైథాన్ లాంటివి నేర్పడానికి మాత్రం ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్ చక్కగా ఉంటాయి. తెలుగు ఆడియోతో కూడా ఉన్నాయి, నెట్ సరిగా లేని చోట డౌన్‌లోడ్ చేసి వాడుకోవచ్చు.

డాలస్_నుంచి:
నేను మన దగ్గర ఈసీఈ చెప్పి, ఇక్కడ మళ్లీ మాస్టర్స్ చేసి, ఇప్పుడు ఒక యూనివర్సిటీలో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా ఉన్నాను. ప్రొఫెసర్ పక్కన కూర్చుని కోర్సు కట్టడమే నా పని. ఏ కోర్సుకైనా మొదటి రోజు ఒకటే అడుగుతాం. కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి? అది తేలాక పరీక్ష, పరీక్ష తేలాక పాఠం. వీడియోలు చివరన వస్తాయి.

వీడియోల గురించి కూడా ఒక మాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలు పరిశీలించిన 2014 అధ్యయనంలో, జనం చూసేది మామూలుగా ఆరు నిమిషాల లోపేనని తేలింది. గంట లెక్చర్‌ని అలాగే అప్‌లోడ్ చేయకండి. ఒక్కో వీడియోకి ఒక్క ప్రశ్న చాలు. కెమెరా కంటే ముందు కాలర్ మైకు కొనండి. బొమ్మ మసకగా ఉన్నా భరిస్తారు, మాట వినపడకపోతే మూసేస్తారు.

ఫైనలియర్_మెకానికల్:
సార్, నేను స్టూడెంట్‌ని, మధ్యలో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఒక సార్ థర్మోడైనమిక్స్ చెప్పారు. ప్రతి వీడియో మధ్యలో ఆపి "ఇప్పుడు మీరు గీయండి" అనేవారు. పీవీ డయాగ్రామ్ మేం గీశాకే ఆయన గీసేవారు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో చేయెత్తి అడగాలంటే భయం. ఆ వీడియో మాత్రం వెనక్కి జరుపుకుని ఎన్నిసార్లయినా వినేవాణ్ని. ఆయన ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. మీరు మాత్రం వెళ్లొద్దు సార్.

కాకినాడ_ఈఈఈ:
చాలా థాంక్సండి అందరికీ. బాబూ, నీ మాట గుర్తుంటుంది. పీహెచ్‌డీ ఈఈఈలోనే చేస్తాను, అది తేల్చుకున్నాను. ఇంకో సందేహం. పాఠం మీద పెట్టే ఈ శ్రమ కాలేజీ లెక్కల్లోకి వచ్చేలా ఏం చేయాలి? ఫైల్ ఎలా పెట్టాలి?

గుంటూరు_సీనియర్:
కోర్సులకి గుర్తింపు (అక్రిడిటేషన్) ఇచ్చే ఎన్‌బీఏకి కాలేజీ పంపే సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్టులో, బోధనలో అధ్యాపకులు చేసిన కొత్త ప్రయత్నాలకి చోటు ఉంది. మీ పని అక్కడ చేర్చాలంటే కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండాలి, బయటివాళ్లు చూసి విమర్శించే వీలుండాలి, ఇంకొకరు తీసుకుని తమ క్లాసులో చేయగలిగేలా ఉండాలి. చాలా కాలేజీల్లో అక్కడ పీపీటీలు వాడామని రాసి ఊరుకుంటారు. మీరు మేడమ్ గారి ప్రశ్నలాంటివి ఒక యూనిట్‌కి తయారుచేసి, మొదటిసారి ఎంతమంది కరెక్టు, చర్చ తర్వాత ఎంతమంది, అని ప్రతి సెక్షన్‌కీ రాసిపెట్టుకోండి. పాత బ్యాచ్ మిడ్ మార్కులతో పోల్చండి. అది అటు సీఓ అటైన్‌మెంట్‌కీ (కోర్సు లక్ష్యాలు ఎంత నెరవేరాయన్న లెక్క) పనికొస్తుంది, ఇటు పేపర్‌కీ పనికొస్తుంది. అక్రిడిటేషన్ టీమ్ వచ్చే ముందు కోఆర్డినేటర్ మీ దగ్గరికే వస్తారు. అప్రైజల్ మాట అప్పుడు ఎత్తండి.

ఏఐసీటీఈ ఎనిమిది మాడ్యూళ్ల టీచర్ ట్రైనింగ్ కూడా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో చేసేయండి. టెక్నాలజీతో బోధన మీద అందులో విడిగా ఒక మాడ్యూల్ ఉంది.

ఓరుగల్లు_మేడమ్:
ఇండక్షన్ మోటార్ యూనిట్‌కి నా దగ్గర ప్రశ్నల సెట్ ఉంది, జవాబులతో సహా. ఆదివారం లోపు ఇక్కడే పెడతాను. ట్రాన్స్‌ఫార్మర్స్‌వి మీరు చేసి పెట్టండి, ల్యాబ్ సార్ గారు మీటర్ కనెక్షన్ బొమ్మ గీసి ఇస్తే ఇంకా మంచిది.