టయోగా పాస్ (కొండ కనుమ దారి) తెరవకపోతే యోసెమిటీకి ఏ దారి మేలు?

జూన్ మొదట్లో లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకుని, డెత్ వ్యాలీ, లోన్ పైన్, లీ వైనింగ్ మీదుగా కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్లాలని ప్లాన్. లైసెన్సు, ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్), క్రెడిట్ కార్డు ఒకే పేరు మీద ఉన్నాయి, ఆ బెంగ లేదు. అసలు చిక్కు లీ వైనింగ్ నుంచి పార్కులోకి వెళ్లే టయోగా పాస్. ఎత్తు 9,943 అడుగులు. మంచు బాగా పడిన ఏడాది జూన్‌లో కూడా మూసే ఉంచుతారు. అలాగైతే 395 హైవే మీదే ఉత్తరానికి వెళ్లి సోనోరా పాస్ ఎక్కాలా? అదీ 9,624 అడుగులు, పైగా ఎక్కుడు మరీ నిటారు. పిల్లలు, పెద్దవాళ్లతో అయితే చుట్టయినా 88 హైవే మీద కార్సన్ పాస్ నయమా?

ఇంకోటి, బంకుల్లో కార్డు పెడితే పంపు 5 అంకెల జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) అడుగుతుంది, మన పిన్ కోడ్ 6 అంకెలు. లోపల కౌంటర్‌లో పంపు నంబరు చెప్పి ముందే డబ్బు కట్టొచ్చు, కానీ రాత్రి కౌంటర్ మూసేస్తే? లోన్ పైన్ దాటాక రాత్రిళ్లు మనిషి ఉండే బంకులు ఏ ఊళ్లో ఉన్నాయి? ఆ దారిలో నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.