డిగ్రీ చేతికి రావాలంటే విదేశంలో ఒక సెమిస్టర్ చదవాల్సిందేనా?

నల్లబల్ల:
ప్రతి విద్యార్థీ కొన్నాళ్లు వేరే దేశంలో చదివి రావాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలి. ఇదేమీ గాలిలో మేడ కాదు. అమెరికాలో మేరీలాండ్‌లోని గౌచర్ కాలేజీ 2006లో చేరినవాళ్ల నుంచి ఈ పద్ధతి పెట్టింది. పెట్టి ఊరుకోకుండా మొదట్లో ఒక్కొక్కరికి 1,200 డాలర్ల వోచర్ కూడా ఇచ్చింది. జపాన్‌లో 2004లో మొదలైన అకితా అంతర్జాతీయ విశ్వవిద్యాలయంలో ఏడాది బయట చదవనిదే పట్టా రాదు. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయంలో బ్యాచిలర్స్ వాళ్లకి కనీసం ఒక సెమిస్టర్. ఫ్రాన్స్‌లో సియాన్స్ పో విద్యార్థులకి మూడో ఏడాది అంతా బయటే.

ఇష్టమున్నవాళ్లే వెళ్తారులే అని వదిలేస్తే ఏమవుతుందో యూరప్‌ని చూడండి. విద్యార్థుల్ని దేశాల మధ్య పంపే ఎరాస్మస్ పథకం 1987లో 11 దేశాల్లో 3,244 మందితో మొదలైంది. 2009లో యూరప్ విద్యామంత్రులు కూర్చుని, 2020 కల్లా పట్టా పుచ్చుకునేవాళ్లలో కనీసం 20 శాతం మంది బయట చదువో శిక్షణో పొంది ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంత డబ్బు, అంత ఏర్పాటు ఉన్నచోట కూడా ఐదుగురిలో ఒకరు వెళ్తే చాలనుకున్నారు. మిగతా నలుగురి సంగతేంటి?

మూడోబెంచి:
ఆ నలుగురూ హాయిగా నిద్రపోతున్నారు మేడమ్. లేపకండి.

ఏటికెదురు:
గౌచర్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ మూడు వారాల కోర్సుతో కూడా ఆ నిబంధన తీరిపోతుందని మీరు రాయలేదేం? సొంత కాలేజీ మాస్టారు ముందు నడుస్తారు, సొంత క్లాసువాళ్లు పక్కనే ఉంటారు, రాత్రికి అందరూ ఒకే హాస్టల్లో. దీన్ని మా రోజుల్లో విహారయాత్ర అనేవాళ్లం. తప్పనిసరి చేస్తే జరిగేది ఇదే. ఏడాది పంపలేరు కాబట్టి సెమిస్టర్ అంటారు, అదీ కుదరక మూడు వారాలంటారు. చివరికి పట్టా మీద ఒక ముద్ర.

నల్లబల్ల:
మూడు వారాలైనా ఏమీ లేకపోవడం కంటే నయం కాదా? పైగా అక్కడ సెమిస్టర్ ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. ఒక్క చిన్న సంగతి పట్టుకుని మొత్తం వాదన కొట్టేయకండి.

ఏటికెదురు:
చిన్న సంగతి కాదండీ. మూడు వారాలు చాలు అంటే, బయట బతకడం వల్ల మనిషి మారతాడన్న మీ వాదన పోయింది. చాలదంటే, గౌచర్ ఉదాహరణ పోయింది. రెండిట్లో ఏది వదులుకుంటారో చెప్పండి.

సగంచదువు:
నేను చదువుతున్నదే పరాయి దేశంలో. ఇప్పుడు నన్నెక్కడికి పంపుతారు? వెళ్తే నా వీసాతో మళ్లీ లోపలికి రానిస్తారో లేదో ఎవరు పూచీ?

మూడోబెంచి:
నిన్ను ఇంటికి పంపిస్తే సరి. వాళ్ల లెక్కలో అదీ విదేశమేగా.

పద్దులపుస్తకం:
ఒక విశ్వవిద్యాలయంలో ఎక్స్‌ఛేంజ్ వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తాను. మీ ఇద్దరూ మాట్లాడని విషయం ఒకటుంది. ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం అంటే సీటుకి సీటు. మా విద్యార్థి ఫీజు మాకే కట్టి అక్కడ చదువుతాడు, వాళ్ల విద్యార్థి వాళ్లకే కట్టి మా దగ్గర చదువుతాడు. మేం పదిమందిని పంపి ఇద్దరినే చేర్చుకుంటే, ఒకటి రెండేళ్లు ఊరుకుంటారు. ఆ తర్వాత ‘బాకీ తీరేదాకా ఆగండి’ అని ఉత్తరం వస్తుంది. పేరున్న చోటికి అందరూ వస్తామంటారు, వాళ్లకి ఇబ్బంది లేదు. ఎవరూ రావాలనుకోని కాలేజీ తన పిల్లలందర్నీ ఎలా పంపుతుంది? ఇక మిగిలేది పూర్తి ఫీజు కట్టి చేరడం, లేదా సొంత మాస్టర్లతో గుంపుగా పంపడం. మూడు వారాల ప్రోగ్రాములు పుట్టేది ఇక్కడే. అకితా లాంటి చోట మొదటి రోజు నుంచే దానికి తగ్గట్టు కట్టుకున్నారు, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు కాబట్టి బయటివాళ్లు వస్తారు. లక్సెంబర్గ్‌లో 2003 దాకా పూర్తి స్థాయి విశ్వవిద్యాలయమే లేదు. అక్కడి పిల్లలు తరాలుగా పక్క దేశాలకే వెళ్లి చదివేవాళ్లు. ఆ అలవాటుకే రూలు తగిలించారంతే. వీటిని చూపించి అందరూ చేయొచ్చంటే నేనొప్పుకోను.

క్రెడిట్ల గోల, అంటే చదివినదాన్ని లెక్కగట్టే పాయింట్ల గోల వేరే. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లని ఒకే కొలత పెట్టుకున్నాక కూడా, తిరిగొచ్చిన పిల్లాడి సిలబస్ కాగితాలు ముందేసుకుని ‘మా దగ్గర ఈ యూనిట్ ఐదో సెమిస్టర్లో ఉంది, నువ్వు చదివిందాంట్లో లేదు’ అనే మాస్టారు ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు.

నల్లబల్ల:
పద్దులపుస్తకం గారూ, మీరు చెప్పినవన్నీ విశ్వవిద్యాలయం తీర్చాల్సిన చిక్కులు. ఐచ్ఛికంగా ఉన్నంతకాలం అవి తీరవు. పదిమంది వెళ్లేదానికి టైమ్‌టేబుల్ ఎవరు మారుస్తారు? అందరూ వెళ్లాల్సిందే అన్నప్పుడే ఆ ఐదో సెమిస్టర్ మాస్టారు దారికొస్తాడు. విద్యార్థి మెడకి కట్టే తాడు కాదిది, యాజమాన్యం మెడకి కట్టేది.

ఏటికెదురు:
అయితే యాజమాన్యం మెడకే కట్టండి! వెళ్తానన్న ప్రతివాడినీ విశ్వవిద్యాలయమే ఖర్చు పెట్టుకుని పంపాలని తప్పనిసరి చేయండి, రేపే సంతకం పెడతా. వెళ్లననేవాడి పట్టా ఆపడం దేనికి?

ఇంకొకటి. ఖర్చంటే ఫీజు, విమానం టికెట్టు మాత్రమే అనుకుంటున్నారు. సాయంత్రాలు పనిచేసి చదువుకునేవాడు ఆర్నెల్లు వెళ్తే ఆ ఉద్యోగం వాడికోసం కాచుకుని ఉండదు. ఆ వోచర్లో వాడి జీతం ఉందా? మూడు వారాల సంగతికి మీరింకా జవాబివ్వలేదు.

వెన్నెలదారి:
వెళ్లొచ్చినవాళ్లు బాగా రాణిస్తారంటారు కదా? మా బ్యాచ్‌లో అలాగే కనిపించింది.

ఏటికెదురు:
వెళ్లకముందు కూడా వాళ్లే ముందుండేవాళ్లేమో చూశారా అమ్మా? డబ్బూ ధైర్యమూ మార్కులూ ఉన్నవాళ్లే దరఖాస్తు పెడతారు. వాళ్లు తర్వాత బాగుపడితే ఆ ఘనత విమానానిది కాదు.

నల్లబల్ల:
తమ్ముడూ, అందుకేగా తప్పనిసరి అంటున్నాను! డబ్బూ ధైర్యమూ ఉన్నవాళ్లే కాకుండా అందరూ వెళ్లాలని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసింది ఇదే, భయపడేవాడికి సాకులకేం కొదవ ఉండదు. ఇల్లంటాడు, పనంటాడు, నాన్నకి బాగోలేదంటాడు.

ఏటికెదురు:
తమ్ముడూ అని పిలిచి మరీ అన్నారు, సంతోషం.

మా నాన్నకి నిజంగానే బాగోలేదు మేడమ్. మా కోర్సులో బయటి సెమిస్టర్ తప్పనిసరి. మినహాయింపు ఉందన్నారు, అడిగాను. ఫారంలో ‘కారణం’ అని రెండు గీతల జాగా. ఆసుపత్రి కాగితాలన్నీ జతచేయమన్నారు. తర్వాత కమిటీ ముందుకి పిలిచారు. నలుగురు కూర్చుని మా నాన్న రిపోర్టులు చేతులు మార్చుకుంటూ చదివారు. వాళ్లలో ఒక్కరూ డాక్టరు కాదు. ఒకాయన తలెత్తి ‘ఇంట్లో ఇంకెవరూ చూసుకునేవాళ్లు లేరా?’ అన్నాడు. అమ్మ ఉందన్నాను. ‘మరింకేం’ అన్నాడు. అంతే. ‘కారణం తగినంతగా లేదు’ అని రాసిచ్చారు. నేను వెళ్లలేదు. పట్టా రెండేళ్లు ఆలస్యమైంది, అదీ రూలు మార్చాక.

రూలన్నాక మినహాయింపు ఉంటుంది, మినహాయింపన్నాక కమిటీ ఉంటుంది. మా ఇంటి సంగతి తేల్చడానికి వాళ్లెవరు?

మూడోబెంచి:
ఇంక నేను జోకులేయను.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇద్దరికీ ఇదే మనవి.

నల్లబల్ల:
ఆ కమిటీ చేసింది అన్యాయం. నా మాట మీకు తగిలింది, తెలుస్తోంది. కానీ అలాంటి ఫారం నేనింకోటి చూశాను, అదీ చెబుతాను.

మా దగ్గర అది ఐచ్ఛికం. మొత్తం ఖర్చు విశ్వవిద్యాలయానిదే. ఏటా నోటీసు పెడతాం, ఏటా అవే రకం ఇళ్ల పిల్లలు వస్తారు. ఒక అమ్మాయి, క్లాసులో అందరికంటే ముందుండేది, నేనే వెంటపడి దరఖాస్తు పెట్టించాను. ఎంపికైంది. సంతకం కోసం ఫారం ఇంటికి తీసుకెళ్లింది. మర్నాడు మడత కూడా విప్పని కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ‘వెళ్లి తీరాలా అని అడిగారు మేడమ్. లేదన్నాను. అయితే ఎందుకు అన్నారు’ అంది. ఆ పిల్ల ‘తీరాలి’ అనగలిగి ఉంటే వెళ్లేది. ఆ ఒక్క మాట తన నోట్లో పెట్టడానికే నేనీ రూలు కావాలంటున్నాను. మీరు మూడు వారాలా ఆర్నెల్లా అని కొలుస్తూ కూర్చున్నారు.

ఏటికెదురు:
ఇప్పటికి అసలు సంగతి బయటికొచ్చింది. మీకు ఇంటివాళ్ల మీద నమ్మకం లేదు. నాకు విశ్వవిద్యాలయం మీద లేదు. ఈ మాట మొదటి పోస్టులోనే రాసుంటే ఎరాస్మస్ లెక్కలు అక్కర్లేకపోయేవి.

నల్లబల్ల:
నమ్మకం లేకేం, ఉంది. ఆ పిల్లకి పద్దెనిమిది నిండాయి. సంతకం తనది కావాలి, ఇంటిది కాదు.

ఏటికెదురు:
తనదే కావాలంటే ‘వెళ్లను’ అనే సంతకం కూడా తనదే కావాలిగా. మీ రూలులో ఆ గడి ఉందా?

పద్దులపుస్తకం:
ఇద్దరికీ పనికొచ్చేదొకటి చెప్తాను. కొన్నిచోట్ల అందరినీ ఆ జాబితాలో ముందే చేర్చేస్తారు, వద్దనుకున్నవాళ్లు ఒక కాగితం రాసిస్తే చాలు, కారణం అడగరు, కమిటీ ఉండదు. మా ఆఫీసులో ఇది పెడదామంటే, అందరూ వద్దని రాసిచ్చేస్తారని ఆపేశారు.

నల్లబల్ల:
రాసిచ్చేస్తారు మరి. ఆ కాగితం ఇంట్లో వాళ్లే రాయిస్తారు.

వెన్నెలదారి:
మేడమ్, ఒక మాట. మా ఇంట్లో అయితే వెళ్లి తీరాలి అని రూలుందని తెలిస్తే ఆ కాలేజీలోనే చేర్చేవాళ్లు కాదు.

నల్లబల్ల:
అందుకేనమ్మా అన్ని విశ్వవిద్యాలయాలూ ఒకేసారి చేయాలంటున్నాను.

వెన్నెలదారి:
అప్పుడు ఇంటర్‌తో ఆపేసేవాళ్లు.