కదలని బగ్ రిపోర్టుల్ని బాట్‌తో మూసేయడం సబబేనా?

రాత్రిడ్యూటీ: ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) టెక్స్ట్ ఎడిటర్‌లో వరుస చివర ‘లక్ష్మి’ పడితే పైన ‘లక్ష్’, కింద ‘మి’ అని విరుగుతోంది. రిపోర్టు పెట్టి ఏడాదిన్నర, ఒక్కరూ పలకలేదు. నిన్న బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) వచ్చి ‘కదలిక లేదు’ అని మూసేసింది. రిపోర్టు పాతబడితే బగ్ దానంతటదే బాగైపోతుందా?

గట్టుమీద: అవతలి వైపు నుంచి చెప్తాను. ఆఫీసు అయ్యాక ఒక చిన్న కోడ్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) చూసుకుంటాను. తెరిచి ఉన్న రిపోర్టులు 400 దాటాక ఆ పేజీలోకి వెళ్ళాలంటేనే టెన్షన్. సగం వాటిలో వెర్షన్ ఉండదు, ఏం చేస్తే వచ్చిందో ఉండదు, ‘పనిచేయట్లేదు’ అని ఒక్క ముక్క. ఫెడోరా (ఒక లినక్స్ సిస్టమ్) అంతటిదే, ఒక విడుదల గడువు (దాదాపు 13 నెలలు) తీరగానే దాని మీదున్న బగ్గులు మూసేస్తుంది.

పాతకాపు: అక్కడ ఆ విడుదలకే మద్దతు ఆగిపోతుంది, కొత్తదాంట్లోనూ వస్తుంటే వెర్షన్ మార్చమంటారు. కెడిఈలో (లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే ప్రాజెక్టు) సమాచారం అడిగాక, రాసినవాడు బదులివ్వకపోతేనే మూస్తారు. ఇక్కడ పలకాల్సింది ప్రాజెక్టువాళ్ళు, శిక్ష ఇతనికి! ఉబుంటు (ఇదీ లినక్సే) ఒకటో నంబరు బగ్ ‘మార్కెట్‌లో మైక్రోసాఫ్ట్‌దే పైచేయి’ అన్నది. 2004లో పెట్టారు, 2013లో మూశారు. అన్నేళ్ళు తెరిచి ఉంటే కొంపేం మునిగింది?

కొత్తకోడ్: ఓట్లు పెడితే పోలా? విఎస్ కోడ్‌లో (మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్) కొత్త ఫీచర్ అడిగితే 60 రోజుల్లో 20 ఓట్లు రావాలనే పద్ధతి ఉంది.

పాతకాపు: ఫీచర్లకు సరే తమ్ముడూ. ‘లక్ష్మి’కి 20 ఓట్లు ఎవరేస్తారు? ‘కంప్యూటర్లో తెలుగింతే’ అని మనవాళ్ళు ఎప్పుడో సర్దుకుపోయారు. పైగా ఇంగ్లీషులో రాయాలి.

గట్టుమీద: అది ఒప్పుకుంటా. ఇలాంటివాటికి ‘ధ్రువీకరించాం’ అని లేబుల్ వేసి బాట్ ముట్టకుండా చేయొచ్చు, నేనూ చేస్తాను. బాట్‌ని మాత్రం తీయను. సరే గానీ రాత్రిడ్యూటీ, తెలుగు రానివాడికి ఏది తప్పో తెలిసేలా రాశావా?

రాత్రిడ్యూటీ: స్క్రీన్‌షాట్ పెట్టానన్నా. ఎలా ఉండాలో రాయలేదు. చూస్తే తెలిసిపోతుంది కదా అనుకున్నా.

గట్టుమీద: మనకి తెలుస్తుంది. తప్పు, ఒప్పు పక్కపక్కన పెట్టి మళ్ళీ రాయి, పాత రిపోర్టు నంబరు తగిలించు. కన్నడలోనూ చూడు. అక్కడా విరిగితే అది ఒక్క తెలుగు గొడవ కాదు, పట్టించుకునేవాళ్ళు పెరుగుతారు.

రాత్రిడ్యూటీ: చూశా. విరుగుతోంది.