బెల్లం నీళ్లు కలిపినా క్రోమియం తగ్గడం ఎందుకు ఆగిపోయింది?

అనంతపురం దగ్గర ఒక బోరు నీటిలో హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంది. గాజు సీసాలో పోస్తే లేత పసుపు తెలుస్తుంది. తాగునీటిలో మొత్తం క్రోమియానికే పరిమితి 0.05. తొట్టిలో పశువులు ఆ నీళ్లే తాగుతున్నాయి, అందుకే నా తొందర.

మట్టిలోని సూక్ష్మజీవులు బెల్లం తిని ఈ క్రోమియాన్ని హాని తక్కువ రూపంలోకి మారుస్తాయని, ఆ నీటిలో అక్కడి మట్టి, బెల్లం నీళ్లు కలిపి, మూత బిగించిన సీసాలను 30 డిగ్రీల వద్ద ఉంచాను. పదో రోజుకు 2.6కి దిగి, ఆగిపోయింది. 28వ రోజున డైఫినైల్ కార్బజైడ్ (ఈ క్రోమియం ఉంటే ఊదా రంగు చూపే రసాయనం) వేసినా అదే ముదురు ఊదా రంగు! ఆటోక్లేవ్ చేసిన (అధిక పీడన ఆవిరితో సూక్ష్మజీవులను చంపిన) మట్టి సీసాలో మార్పు లేదు కాబట్టి, తగ్గినంతా సూక్ష్మజీవుల పనే. బెల్లం రెట్టింపు చేస్తే పీహెచ్ 7.8 నుంచి 5.4కి పడింది, తినే సోడాతో సరిచేసినా క్రోమియం కదల్లేదు.

నీటిలో నైట్రేట్ 110 మిల్లీగ్రాములు ఉంది. సూక్ష్మజీవులు క్రోమియం కంటే ముందు దాన్నే వాడుకుంటున్నాయని నా అనుమానం. నైట్రేట్ పోయేదాకా ఆగాలా, లేక సూక్ష్మజీవులకు పోషకంగా ఫాస్ఫేట్ కలిపి చూడాలా?