అప్‌డేట్: ఇంజిన్ టకటక ఎక్కడిదో దొరికింది
పోయిన వారం అడిగినా కదా, నా డీజిల్ కారు కావలి దాటినాక ఐడిల్‌లో టక్ టక్‌మని కొడతా ఉందని. మీలో సగం మంది కాన్‌రాడ్ బేరింగ్ (ఇంజిన్ లోపల కింద, పిస్టన్ రాడ్‌ని క్రాంక్‌కి కలిపే చోట ఉండేది) పోయిందన్నారు, ఇక్కడ ఒక మెకానిక్ అయితే బానెట్ ఎత్తీ ఎత్తకముందే ఇంజిన్ దించాల, 60 వేలు అన్నాడు, ఆ రాత్రి నిద్ర పట్టలా నాకు.

నెల్లూరు ఆటోనగర్‌లో ఇంకొకాయన దగ్గరికి తీసకపోయినా. ముందు గేజ్ పెట్టి ఆయిల్ ప్రెజర్ చూసినాడు, బాగానే ఉంది. తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొన ఒక్కోచోట పెట్టి విన్నాడు, కింద ఆయిల్ పాన్ కాడ ఏం లేదు, ఇంజిన్ బయట ఏసీ కంప్రెసర్‌ని తిప్పే బెల్ట్ సైడే గట్టిగా వస్తా ఉంది. ఆ బెల్ట్ ఊడబీకి అర నిమిషం స్టార్ట్ చేస్తే సౌండ్ మాయం! ఎక్కువసేపు మాత్రం వద్దబ్బా, ఆ బెల్ట్‌తోనే వాటర్ పంప్ తిరిగే బండ్లు హీటెక్కిపోతాయి. బెల్ట్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ స్ప్రింగ్ లూజై స్టాపర్‌కి కొట్టుకుంటా ఉండాది, అంతే.

టెన్షనర్, బెల్ట్, లేబర్ అన్నీ కలిపి 4,300 అయింది. ఏసీ వేస్తే సౌండ్ మారతా ఉందని నేను ముందే రాయాల్సింది, ఆ ముక్క మర్చిపోయినా. నిన్న ఒంగోలు పోయొచ్చినా, చప్పుడు లేదు, ఇప్పుడేమో డాష్‌బోర్డు కిరకిర వినపడతా ఉంది.