తాగుడు వల్ల పేదరికమా, పేదరికం వల్ల తాగుడా?

అన్నానగర్ నుంచి:
చెన్నైలో మా ఇంట్లో పనిచేసే ఆమె కణ్ణగి నగర్ నుంచి వస్తుంది. తెలుగామె. పోయిన నెల కూతురి సమర్త ఫంక్షన్‌కి లక్ష రూపాయలు అప్పు చేసింది. భర్త సాయంత్రమైతే టాస్మాక్ మద్యం దుకాణం దగ్గరే. పిల్లాడి ఫీజుకి మాత్రం నా దగ్గర అడ్వాన్స్ అడుగుతుంది. మా నాన్న నెల్లూరు నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి, ప్యారీస్ కార్నర్‌లో గుమాస్తాగా చేరి, మా ముగ్గురినీ చదివించాడు. వ్యవస్థ మీద నెపం వేయలేదు. పేదరికానికి మొదటి కారణం అలవాట్లేనని నా నమ్మకం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పులియంతోపు నుంచి:
సార్, మీ నాన్నగారి కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆ ట్రంకు పెట్టెలో ఏమేం ఉన్నాయో కూడా చూడాలి. గుమాస్తా పనికి తీసుకున్నారంటే చదువు ఉంది. ఇల్లు అద్దెకు అడిగితే కులం తెలిసి తలుపు వేసినవాళ్లు బహుశా లేరు. మా తాత కూడా నెల్లూరు జిల్లా నుంచే వచ్చాడు. ఆయన చేతికి ఇచ్చింది చీపురు. తర్వాత మా అమ్మకీ అదే.

కణ్ణగి నగర్ మొదటి నుంచీ ఉన్న ఊరు కాదు. 2000 నుంచి నగరం లోపలి గుడిసెవాసుల్ని ఖాళీ చేయించి, నగరం అంచున ఒక్కియం తొరైపాక్కంలో తెచ్చిపెట్టిన కాలనీ. ఇళ్లు అక్కడ, పనులు మైలాపూరులో. బస్సులో పోయే గంటల్ని ఏ అలవాటు కింద రాస్తారు? 2021 మేలో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ తీసేశారు. మాకు తెలిసిన ఒక అక్క ఆ మిగిలిన డబ్బుతోనే చీటీ కట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందు రోజు దాకా ఆమెకి పొదుపు చేసే అలవాటు లేదనే అనేవాళ్లం కదా!

ఇక తాగుడు. మా నాన్న డ్రైనేజీ గుంటల్లో దిగే పని చేశాడు. తాగకుండా ఆ కంపులోకి దిగలేనని అమ్మతో అంటుంటే విన్నాను. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని అందులోకి దించడాన్ని నేరంగా చేస్తూ 2013లో చట్టం వచ్చింది. నాన్న 2009లోనే పోయాడు. తాగుడిని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ తాగుడుకి మా అమ్మ ఎన్ని దెబ్బలు తిందో నాకు తెలుసు. కానీ పని ముందు వచ్చింది, సీసా తర్వాత వచ్చింది. ఆ సీసా అమ్మేది కూడా ప్రభుత్వమే. 2003 నుంచి చిల్లర మద్యం దుకాణాలు ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉన్నాయి.

వేళచ్చేరి నుంచి (సోషియాలజీ విద్యార్థిని):
‘పేదరిక సంస్కృతి’ అన్న మాటని 1959లో మెక్సికో కుటుంబాల గురించి రాస్తూ అమెరికా మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్ ప్రచారంలోకి తెచ్చాడు. అణిచిపెట్టే పరిస్థితుల్లో బతకడానికి మనుషులు చేసుకున్న సర్దుబాటు అది అన్నాడు. ఆరేడేళ్ల వయసుకే పిల్లలకి అంటుకుపోతుందని కూడా అన్నాడు. తర్వాత చాలామంది రెండో ముక్కే పట్టుకుని మొదటిది వదిలేశారు.

మన పక్కనే జరిగిన పని ఒకటుంది. విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు, కోత డబ్బు వచ్చాక ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. ఫలితాలు 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. చేతిలో డబ్బు లేనప్పుడు తక్కువ చేసిన మనిషే, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. ఆ కొద్ది నెలల్లో అతని సంస్కృతి ఏమీ మారలేదు.

అన్నానగర్ నుంచి:
చెరకు రైతుల సంగతి నాకు తెలియదు, ఆలోచించాల్సిందే. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఒకే వీధి, పక్కపక్క ఇళ్లు. ఒక ఇంటి పిల్ల కాలేజీకి పోతుంది, ఇంకో ఇంటి పిల్లాడు పదో తరగతిలో మానేస్తాడు. వ్యవస్థ ఇద్దరికీ ఒకటే కదా?

పులియంతోపు నుంచి:
తేడా ఉంది, ఒప్పుకుంటాను. నేను చదివింది మా అమ్మ పట్టుదల వల్లే. కానీ వంద మంది నిలబడిన స్టాపుకి ఒక్క బస్సు వస్తే, ఎవరు ఎక్కగలిగారో చెప్పడానికి పట్టుదల పనికొస్తుంది. మిగతావాళ్లు ఎందుకు ఉండిపోయారో చెప్పాలంటే బస్సుల లెక్క చూడాలి. 1920లో మన తెలుగాయన పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టించారు. అన్నం పెడితే పిల్లలు వచ్చారు. నేనూ కార్పొరేషన్ బడిలో ఆ మధ్యాహ్నం అన్నం తినే చదివాను.

ఇంకొకటి సార్. ఆ ఫంక్షన్‌కి చదివింపులు ఎంత వచ్చాయో ఆమెని అడిగారా? పదేళ్లుగా వేరేవాళ్ల ఇళ్లలో ఆమె చదివించిన డబ్బు అలా తిరిగి వస్తుంది. ఫంక్షన్ చేయకపోతే అదంతా పోయినట్టే. బ్యాంకు గడప తొక్కనివ్వని చోట చదివింపులు రాసుకునే నోటుపుస్తకమే బ్యాంకు.

అన్నానగర్ నుంచి:
ఈ రోజు పొద్దున అడిగాను. 62 వేలు వచ్చాయట. నాకు ఈ లెక్కే తెలియదు, ఆమెని దుబారా మనిషి అనుకున్నాను. తాగుడు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఆమె భర్త ఏ డ్రైనేజీలోకీ దిగడు, పెయింటింగ్ పని చేస్తాడు. మిగిలిన అప్పుకి నూటికి పది వడ్డీ కడుతోంది.

పులియంతోపు నుంచి:
నూటికి పది అంటే నెలకా సార్? అయితే అది కందువడ్డీ, అంటే పీడించే అధిక వడ్డీ. 2003 నుంచి తమిళనాడులో దాని మీద చట్టం ఉంది. ఆమెకి ఇష్టమైతేనే, ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి నేను తోడు వెళ్తాను. మీరు ఆ రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వండి.