చందా లేకుండా ఆఫ్‌లైన్‌లో చదువుకునే యాప్ ఏదైనా ఉందా?

వ్యాసాలు దాచుకునే పాకెట్ యాప్ 2025 జులైలో మూతపడ్డాక సరైనది దొరకట్లేదు. వ్యాసం సేవ్ చేసుకుని నెట్ లేనప్పుడు చదువుకోవాలి, అంతే. దానికి నెలనెలా చందా ఏంటి? ఒకేసారి కట్టమంటే కడతాను.

జవాబు 1: వాలాబ్యాగ్ చూడండి, ఓపెన్ సోర్స్. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే చందా ఉండదు, కాకపోతే ఆ సర్వర్ బాగోగులు మీవే.

జవాబు 2: అంత తలనొప్పి ఎందుకండీ, బ్రౌజర్‌లో సింగిల్‌ఫైల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, ఉచితమే, బొమ్మలతో సహా పేజీ మొత్తాన్ని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా మీ దగ్గరే దాస్తుంది కాబట్టి రేపు ఏ కంపెనీ చేతులెత్తేసినా టెన్షన్ లేదు.

జవాబు 3: సింక్ (దాచినవి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ కనిపించడం) కావాలంటే సర్వర్ ఖర్చు ఉంటుంది, చందా అడగడంలో తప్పులేదు. ఫైల్ ఫోన్‌లోనే ఉండే యాప్‌లు కూడా అడుగుతున్నాయి చూడండి, అదే మండుతుంది.

అడిగినవారు: సింగిల్‌ఫైల్ ఫోన్‌లో పనిచేస్తుందా?

జవాబు 2: ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది.